పదకొండో అంకె

ఆమెకి ముప్ఫై నాలుగేళ్ళు. నెత్తిమీద అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు మొదలయ్యాయి, మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలు టకటకమంటోంది. అయినా సరే, వీధి మలుపులో మందుల షాపాయన దగ్గర్నుంచి బ్యాంకులో తలెత్తకుండా సంతకాలు సరిచూసే ఆవిడ దాకా లోకమంతటికీ ఆమె టికెట్టు పాపే. ఆరేళ్ళ వయసులో ఓ సినిమాలో బస్సు కండక్టరు కూతురిగా వేసింది. తండ్రికి జ్వరం వస్తే ఆయన తోలుసంచీ మెడలో తగిలించుకుని, మోకాళ్ళ దాకా వేలాడే ఆ సంచీతో బస్సంతా తిరిగి, ఓ లావుపాటి పెద్దమనిషి ముందు నిలబడి "టికెట్టు తీసుకుంటావా, దిగి బస్సు తోస్తావా" అంటుంది. అంతే, జనం ఊగిపోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు గడిచినా ఇంకా ఊగుతూనే ఉన్నారు. కళ్ళు తిరుగుతున్నది మాత్రం ఆమెకి.

ఎక్కడికెళ్ళినా అదే గొడవ. పంటి నొప్పితో డాక్టరు దగ్గరికెళ్తే, నోట్లో దూది పెట్టి మరీ, "ఆ మాట ఒక్కసారి అనండమ్మా, మా ఆవిడకి వినిపిస్తాను" అని ఫోను తీశాడాయన. దూది తీయించుకుని చెప్పింది పాపం. విన్నవాళ్ళందరి మొహం ఎలా అవుతుందో ఆయన మొహమూ అలాగే అయింది. నవ్వు సగంలో ఆగిపోయి, ఏదో నకిలీ సరుకు అంటగట్టినట్టు చూసి, "అది కాదండీ, సినిమాలో ఇంకోలా ఉంటుంది" అన్నాడు. ఇంకోలా ఉండక ఏమవుతుంది? ఆ గొంతు ఆమెది కానే కాదు.

పుట్టుకతోనే ఆమెది బొంగురు గొంతు. చిన్నప్పుడు స్కూల్లో పద్యం అప్పజెప్తే పక్క క్లాసులో మగపిల్లాడెవరో అరుస్తున్నాడనుకునేవారు. ముద్దు మొహానికి ఆ గొంతేమిటని నిర్మాతలు మొదటి రోజే తేల్చేశారు. పిల్లల గొంతులు చెప్పడంలో అప్పటికే చెయ్యి తిరిగిన ఒకావిడ చేత మాటలు చెప్పించారు. చిలక పలుకులు ఆవిడవి, బుగ్గల సొట్టలు ఈమెవి. జనం రెండూ కలిపి ఒకే పిల్లనుకున్నారు. అనుకోవడంలో తప్పేమీ లేదు, సినిమా అన్నాక నమ్మించడమే కదా పని. కాకపోతే ఆ అబద్ధం మధ్యలో ఇరుక్కుపోయిన పిల్ల సంగతి ఎవరూ ఆలోచించలేదు.

పదమూడో ఏట ఒక్కసారిగా సాగి పొడుగైపోయింది. పిలుపులు ఆగిపోయాయి. పంతొమ్మిదో ఏట హీరోయిన్ అన్నారు. రెండు సినిమాలు చేసింది, రెండింటికీ ఎవరో తేనెలూరే గొంతు తెచ్చి అతికించారు. రెండూ వారం తిరక్కుండా పెట్టె సర్దుకున్నాయి. "హీరో పక్కన నిలబడితే టికెట్టు పాపని ఏడిపిస్తున్నట్టుందండీ" అని ఓ నిర్మాత ఆమె ఎదుటే అన్నాడు. తర్వాత టీవీ సీరియళ్ళు. ఆడపడుచు, సవతి, పక్కింటి గయ్యాళి, అన్నీ చేసింది. అన్నింటికీ అరువు గొంతులే. లెక్క తీస్తే నలభై పైచిలుకు వేషాలు, వాటిలో తన నోటితో పలికిన అక్షరం ఒక్కటి కూడా లేదు. ఇంట్లో టీవీ పెడితే, తన మొహం ఊరందరి గొంతులతో మాట్లాడుతూంటే, చూసి చూసి రిమోట్ దిండు కింద దాచేసేది.

ఆమెకి తోడు తల్లి ఒక్కతే, తండ్రి ఎప్పుడో ఇల్లు వదిలిపోయాడు. ఆ తల్లికి మాత్రం కూతురింకా ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయి ఉంది. ఇప్పటికీ షూటింగుకి ఫ్లాస్కు, టవలు, దువ్వెన పెట్టిన సంచీతో వెంట వస్తుంది. ఇప్పటికీ "పాపా" అనే పిలుస్తుంది. కొత్త డైరెక్టరెవరైనా కనిపిస్తే చాలు, సంచీలోంచి పాత ఫొటో తీసి చూపించేది. వద్దమ్మా అంటే, "నీకేం తెలుసే, నిన్ను చూసి కాదు, దీన్ని చూసే వేషం ఇస్తారు" అనేది. ఆ మాటలో నిజం ఉండటం వల్లే ఆమెకి ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో కుర్ర డైరెక్టరు, ఇంకో నటి నంబరు కావాలట. ఆ వారంలో అలాంటి ఫోన్లు నాలుగొచ్చాయి. అప్పుడే కుళాయిలో నీళ్ళు ఆగిపోయి, బట్టల మీద సబ్బు ఎండిపోతోంది. ఆమె ఓపిక కూడా అక్కడితో ఆగిపోయింది. నేనేమైనా విచారణ కౌంటర్లో కూర్చున్నానా, మీ సినిమాల్లోకి పనికిరాని మనిషిని మీ చిరునామాలకి పనికొస్తానా అని మొదలుపెట్టి, సినిమా లోకం మొత్తాన్ని వరసపెట్టి ఉతికి ఆరేసింది. అటువైపు ఆ అబ్బాయి ఎదురు చెప్పకుండా అంతా విన్నాడు. విని, ఆవిడ నంబరు అక్కర్లేదు, మీరెక్కడుంటారో చెప్పండి అన్నాడు.

సాయంత్రానికి వచ్చి కూర్చున్నాడు. పల్చటి మనిషి, చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది. తల్లి పాత ఫొటో తీసి ఇస్తే మర్యాదగా పక్కన పెట్టి కథ చెప్పాడు. ఓ ఫ్యాక్టరీ క్యాంటీనులో పనిచేసే ఆడమనిషి. మొగుడు ఎనిమిదేళ్ళ క్రితం చెప్పాపెట్టకుండా పోయాడు. ఒక్కతే కూతుర్ని పెంచుకుంది. ఇప్పుడు వాడు తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడి ఒక్క నిమిషం పాటు మాట్లాడుతుంది. సినిమా అంతా ఆ నిమిషం కోసమే. "ఫోన్లో విన్న ఈ గొంతే కావాలి మేడమ్. ఇంకెవరి చేతా చెప్పించను" అన్నాడు. ఆమె లోపలికెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి వచ్చింది. ఇన్నేళ్ళకి తన నోటి మాట తెరమీద వినబడబోతోంది. ఇంకేదీ అడగలేదు, అడగాలని కూడా అనిపించలేదు.

షూటింగు ఓ పాత ఇంట్లో పెట్టారు. పక్కనే ఇనుప రేకులు కోసే కార్ఖానా, పొద్దస్తమానం గీమని మోత. అందుకని అక్కడ రికార్డయ్యే శబ్దం దేనికీ పనికిరాదని, మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పించాల్సిందేనని ముందే అనుకున్నారు. గుమ్మం సీను ఆఖరి రోజున పెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఆ ఇంటిని పడగొట్టే మేస్త్రీలు వస్తున్నారు. ఆమె పదిరోజులుగా ఆ మాటల్ని అన్నం తింటూ, బస్సులో కూర్చుని, అద్దం ముందూ నెమరేసుకుంటూనే ఉంది. తీరా ఆ పొద్దున డైరెక్టరు కొత్త కాగితం చేతిలో పెట్టాడు. రాత్రి కూర్చుని మార్చాడట, ఇప్పుడు ఇంకా బాగుందట. బాగుంటే బాగుండొచ్చు, బట్టీ పట్టినవాళ్ళ గతేమిటో రాసేవాళ్ళకి ఎప్పుడు పట్టింది గనక?

నాలుగు టేకులు చేసింది. నాలుగింట్లోనూ మాటలు సరిగ్గానే వచ్చాయి. నాలుగోదానిలో అయితే అక్షరం పొల్లు పోలేదు. గుమ్మానికి చెయ్యి ఆనించి, మొగుడి వేషం వేసినాయన కళ్ళలోకి చూస్తూ, కరెంటు మనిషికి మీటరెక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. డైరెక్టరు తల గోక్కున్నాడు. బాగానే ఉంది గానీ చప్పగా ఉంది, ఏదో తగ్గింది, వెలుతురు పోతోంది, ఇంకొక్కటి చేద్దాం అన్నాడు.

ఐదో టేకులో రెండో వాక్యం దగ్గర పాత కాగితమూ కొత్త కాగితమూ బుర్రలో కలిసిపోయి, తర్వాతి మాట ఎగిరిపోయింది. వేరే ఎవరైనా అయితే నాలిక కరుచుకుని, సారీ సార్ అని ఆగిపోయేవారు. ఆమెకి ఆగడం రాదు. చిన్నప్పుడు తల్లి నేర్పిన చదువు అది. కెమెరా తిరుగుతున్నంతసేపూ నోరు ఆగకూడదు. ఆగితే ఫిల్ము దండగ, మళ్ళీ మొదటినుంచి తీయాలి, పెద్దవాళ్ళంతా విసుక్కుంటారు. మాట మర్చిపోతే అంకెలు చెప్పు, మాటలు తర్వాత వాళ్ళే పెట్టుకుంటారు. ఆ రోజుల్లో పిల్లవేషాలు వేసేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే. ఆమె నోరు ఆమెనడక్కుండానే ఆ దారి పట్టింది. ఒకటి, రెండు, మూడు అంటూ గుమ్మంలో నిలబడి, ఎనిమిదేళ్ళ కోపమంతా మొహంలోకి తెచ్చుకుని, కళ్ళ నీళ్ళు చెంపల మీదికి జారుతూంటే నలభై మూడు దాకా లెక్కపెట్టింది.

కట్ అన్నాక లైటు పట్టుకున్నతను భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. డైరెక్టరు పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. కార్ఖానా మోతలో ఏం చెప్పిందో అక్కడెవరికీ వినబడలేదు. ఎదురుగా నిలబడ్డ మొగుడు వేషధారికి మాత్రం వినబడింది. ఆయన ఆరితేరిన నటుడు, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంతకన్నా వింతలు చూశాడు, కిమ్మనలేదు. ఆమె కూడా నోరు విప్పలేదు. సిగ్గు కొంత, గర్వం ఇంకాస్త ఎక్కువ. తన జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ చేయలేదని ఆ సాయంత్రం బస్సులో కూర్చుని గట్టిగా నమ్మింది. చెప్పినవి అంకెలైతేనేం, పెట్టుకునేది తన మాటలే కదా, తన గొంతే కదా అనుకుంది.

అసలు తంటా డబ్బింగులో మొదలైంది. స్టూడియోలో చిన్న చీకటి గది, ముందు తెర, మధ్యలో మైకు, పక్కన కాగితాల స్టాండు, అద్దం అవతల సౌండ్ ఇంజనీరు. మిగతా సినిమా అంతా మూడు రోజుల్లో తడుముకుంటూనే అయినా చెప్పేసింది. గుమ్మం సీను వచ్చింది. తెర మీద ఆమె పెదాలు ఒకటి అంటున్నాయి, రెండు అంటున్నాయి, మూడు దగ్గర టక్కున మూసుకుంటున్నాయి. కాగితం మీద చూస్తే అక్కడ "ఎక్కడికెళ్ళావని నేనడగను" అని ఉంది. పెదాలు కలిసిన చోట పెదాలు కలిసే అక్షరమే పడాలి, లేకపోతే చూసేవాళ్ళకి బొమ్మ ఒకటీ మాట ఒకటీ అయిపోతుంది. డైరెక్టరు అప్పటికే ఎడిటింగులో సంగతి కనిపెట్టి నవ్వుకున్నాడు. ఏముంది, సర్దేద్దాం అనుకున్నాడు. రెండు గంటలయ్యేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

మాటలు మార్చి చూశారు, అటూ ఇటూ జరిపి చూశారు. ఎలా చేసినా పదో పన్నెండో అంకె దగ్గర బోల్తా పడుతోంది. దానికి తోడు ఇంకో దరిద్రం. తన పెదాలు ఏమంటున్నాయో తనకి తెలుసు కాబట్టి, తెర మీద పదిహేను అని కనబడగానే మైకు ముందు ఆమె నోరు కూడా పదిహేను అనేస్తోంది. ఒకసారి కాదు, ఇరవైసార్లు. ఇంజనీరు మొదట నవ్వాడు, తర్వాత నిట్టూర్చాడు, ఆఖరికి చెవుల మీది హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి మెడ రుద్దుకున్నాడు. ఈ సీను మీద రెండో రోజు సాయంత్రానికి ఆమె గొంతు బొంగురు దాటి గరగరలోకి వెళ్ళిపోయింది. బయట బెంచీ మీద కూర్చున్న తల్లి గంటకోసారి తలుపు తీసి ఫ్లాస్కు చూపించేది. "వేణ్ణీళ్ళు తాగవే పాపా" అన్న ప్రతిసారీ ఆమెకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

మూడో రోజు పొద్దున డైరెక్టరు నేల చూపులు చూస్తూ వచ్చాడు. విడుదల తేదీ నెత్తిమీద కూర్చుంది, నిర్మాత ఊపిరి తీసుకోనివ్వడం లేదు, ఈ ఒక్క సీనుకి మాత్రం వేరేవాళ్ళ చేత చెప్పిద్దామని నీళ్ళు నమిలాడు. మిగతా అంతా మీ గొంతే ఉంటుంది కదా మేడమ్ అన్నాడు. వంటంతా చేయించుకుని వడ్డించడానికి మాత్రం ఇంకొకరిని పిలిచినట్టుందని ఆమె అంది. అతను గడియారం చూసుకున్నాడు. అప్పటికే గొంతు చెప్పే ఆవిడ బయల్దేరింది, దారిలో ఉంది.

వచ్చినావిడకి డెబ్భై దాకా ఉంటాయి. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు, చేతిలో గుడ్డ సంచీ. స్టూడియోలో అంతా ఆవిణ్ని గొంతమ్మ అంటారు. నలభై ఏళ్ళుగా పిల్లల గొంతులన్నీ ఆవిడవే. టికెట్టు పాప గొంతు కూడా. ఇద్దరూ కలిసి పదకొండు సినిమాల్లో ఒకే పిల్ల అయ్యారు గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇదే మొదటిసారి. చిన్నప్పటి నుంచీ ఈ మనిషి ఎదురుపడితే ఏమేమి అడగాలో ఆమె మనసులో పెద్ద పట్టిక ఉండేది. తీరా ఆవిడ తలుపు తోసుకుని వచ్చి, "ఏం తల్లీ, ఎంత పెద్దదానివయ్యావు" అని బుగ్గ పుణికేసరికి ఒక్కటీ గుర్తురాలేదు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు కూడా కాస్త బొంగురే.

గొంతమ్మ తెర ముందు కుర్చీ వేసుకుని సీను ఒక్కసారి చూసింది. శబ్దం లేకుండా ఇంకోసారి వేయించుకుని చూసింది. సంచీలోంచి పెన్సిలు తీసి, డైరెక్టరు కాగితం తిప్పి, వెనక వైపు నాలుగు ముక్కలు రాసుకుంది. అర్థం పోకుండా పెదాలకి సరిపోయే మాటలు. మైకు ముందు నిలబడి, ముప్ఫై నాలుగేళ్ళ బొంగురు గొంతుని ఎక్కడ దాచుకుందో ఏమో, బయటికి తీసింది. రెండో ప్రయత్నంలో అయిపోయింది. అక్షరం అటూ ఇటూ జరగలేదు. ఇంజనీరు అద్దం అవతల లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెకి ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే ఆ జలదరింపు మీదే కోపం వచ్చింది. తన గొంతుకన్నా తన గొంతులా ఉంది.

గొంతమ్మ బయటికొచ్చి మంచినీళ్ళు తాగి, మెచ్చుకోలుగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కష్టమేముందే, నీ పెదాలు నాకు కంఠతా. నువ్వేం మారలేదు తల్లీ. పది దాకా మామూలుగా వచ్చి, పదకొండు దగ్గర మొదలెడతావు ఏడుపు. ఇరవై దాటాక ముక్కు ఎగబీలుస్తావు. ఇప్పుడూ అంతే. పదకొండు వచ్చేసరికి నేను తయారుగా ఉన్నాను."

ఆమె గబగబా చీకటి గదిలోకి వెళ్ళింది. ఇంజనీరుని బతిమాలి సీను మళ్ళీ వేయించుకుంది. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు. కింది పెదవి వణికింది, కళ్ళు నిండాయి. ఇరవై ఒకటి. ముక్కు ఎగబీల్చింది. కెమెరా పక్కన గొంతుక్కూర్చుని వేళ్ళు చూపించే తల్లి గుర్తొచ్చింది. పది వేళ్ళూ అయిపోయాక పిడికిలి బిగించేది, అంటే ఇక ఏడవమని. ఏడవకపోతే ఆ పిడికిలి ఇంటికెళ్ళాక వీపు మీద పడేది. తన జీవితంలోకెల్లా గొప్ప నటన అని ఆమె నమ్మింది ఆ పిడికిలిని. క్యాంటీను మనిషీ లేదు, ఎనిమిదేళ్ళ కోపమూ లేదు, ఏమీ లేదు. ఒక పిల్ల దెబ్బలకి భయపడి లెక్క తప్పకుండా ఏడుస్తోంది. లైటు పట్టుకున్నతను ఏడ్చింది టికెట్టు పాపని చూసి.

అంత సిగ్గు ఆమెకి హీరోయిన్ సినిమాలు పోయినప్పుడు కూడా కలగలేదు. ఎవరిమీద విరుచుకుపడాలో తెలియలేదు. గొంతమ్మ మీదా? ఆవిడ పని ఆవిడ చేసింది. ఆ కుర్రాడి మీదా? అతను చూసినదాన్నే మెచ్చుకున్నాడు. చివరికి ఇంజనీరు వైపు తిరిగి నాలుగో టేకు ఉందా అని అడిగింది. ఉంది, ఎడిటింగులో పక్కన పడేసిన ముక్కల్లో ఉంది. వెతికి వేశాడు.

అందులో ఏడుపు లేదు. గుమ్మానికి చెయ్యి ఆనించిన ఓ ఆడమనిషి, పని నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పని మనిషి, ఎదురుగా ఉన్నవాడికి విషయం చెప్తోంది. కింద పెట్టిన సంచీ పక్కకి ఒరిగిపోతే మాట్లాడుతూనే కాలితో సరిచేసుకుంటుంది. అలా చేసినట్టు ఆమెకే గుర్తులేదు.

"ఇది పెట్టండి. దీనికి నేను చెప్తాను" అంది.

డైరెక్టరు ససేమిరా అన్నాడు. జనం ఏడవాల్సిన చోట ఇది పెడితే లేచి బయటికెళ్ళి సిగరెట్టు కాలుస్తారన్నాడు. చేతిలో వజ్రం పెట్టుకుని గులకరాయి ఏరుకోవడం ఏమిటన్నాడు. గొంతు మీద పంతంతో సినిమాని పాడుచేస్తున్నారని కూడా అనేశాడు. పంతమేమో అని ఆమెకీ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తెర వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఎనిమిదేళ్ళు ఒక్కతే పిల్లని సాకింది బాబూ. వాడొచ్చి నిలబడితే చిన్నపిల్లలా ఏడుస్తుందా? అలా ఏడిస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది గానీ, వాడికి భయం వేస్తుందా?"

ఈ గొడవకి తల్లి లోపలికొచ్చింది. ఎవరో రెండు టేకులూ వేసి చూపించారు. ఐదోది చూస్తూండగా ఆవిడ మొహం వెలిగిపోయింది. చెయ్యి తెలియకుండానే లేచి, పదకొండు దగ్గర వేళ్ళు ముడుచుకున్నాయి. అది చూసింది ఆమె ఒక్కతే.

"పిచ్చిదానా, ఇదే ఉంచుకోవే. ఇందులో నా పాప కనిపిస్తోంది" అంది తల్లి.

"అందుకే వద్దమ్మా."

గట్టిగా కూడా అనలేదు. గొంతమ్మ అంతసేపూ కుర్చీలో కూర్చుని అందరి మొహాలూ చూస్తోంది. ఇప్పుడు లేచి, తను రాసిన కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. నాలుగోదానిలో పెదాలకీ కాగితానికీ తేడా లేదయ్యా, ఈ అమ్మాయి అరగంటలో చెప్పేస్తుంది, నన్ను పొద్దున్నే అనవసరంగా పిలిచావు అని డైరెక్టరుని కసిరి వెళ్ళిపోయింది. అతను నాలుగోది ఇంకోసారి చూశాడు, ఆ తర్వాత ఇంకోసారి. ముఖం మాడ్చుకునే, మైకు దగ్గరికి వెళ్ళమని చెయ్యి ఊపాడు.

అరగంట కాదు, గంటన్నర పట్టింది. గరగర ఇంకా తగ్గలేదు. మాట మధ్యలో ఒకచోట గొంతు గీసుకుపోయి ఆగి అందుకుంది. మళ్ళీ చెప్తానంటే ఇంజనీరు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. డైరెక్టరు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. సరే, ముందుకెళ్దాం అన్నాడు. సినిమా ఏమవుతుందో, జనం ఏడుస్తారో లేచిపోతారో ఆమెకి తెలియదు. ఇంత తిప్పలు పడి చివరికి చప్పటిదాన్ని గెలుచుకున్నానేమో అన్న చిరాకు బస్టాపు దాకా వెంటే వచ్చింది.

బస్సులో తల్లీకూతుళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కోపం వస్తే తల్లి కిటికీలోంచి బయటికి చూస్తుంది. అలాగే చూస్తోంది. నాలుగు స్టాపులు దాటాయి. ఈ సాయంత్రానికి సాధింపు ఏ రకంగా ఉండబోతోందో అని ఆమె లోలోపల ఉసూరుమంది.

"అయితే వాణ్ని లోపలికి రానివ్వదా ఆవిడ?" అంది తల్లి, బయటికి చూస్తూనే.

ఆమె తిరిగి చూసింది. అన్నేళ్ళలో తల్లి ఆమె సినిమా గురించి ఎన్నో అడిగింది. లైటు సరిగ్గా పడిందా, పోస్టరు మీద మొహం ఎంత పెద్దదిగా వేస్తారు, బొట్టు ఎవరు పెట్టారు. వేషంలోని మనిషిని "ఆవిడ" అనడం మాత్రం ఎప్పుడూ లేదు.

"రానివ్వదు."

తల్లి ఒళ్ళో సంచీని దగ్గరికి లాక్కుంది. బస్సు ఆగింది, ఎవరో దిగారు, మళ్ళీ కదిలింది. "మీ నాన్న తిరిగొస్తే నేను రానిచ్చాను" అంది. "నీ పోస్టర్లు చూసి వచ్చాడు. వాకిట్లో నిలబడితే, ఏమీ అడక్కుండా కంచం పెట్టాను." కాసేపటికి ఫ్లాస్కు మూత తీసి, మిగిలిన వేణ్ణీళ్ళు అందులో పోసి కూతురి చేతికిచ్చింది. "గొంతు జాగ్రత్త" అంది.